శిష్యుల్ని వెనక్కి పిలిచిన మాస్టారు

సిలికాన్ వ్యాలీ అనగానే మనకు యాపిల్, గూగుల్ గుర్తొస్తాయి. ఎమ్మెస్ అప్లికేషన్లు నింపేటప్పుడు మనలో చాలామంది ముందుగా వెతికేది ఆ చుట్టుపక్కల యూనివర్సిటీలనే. కానీ 1920ల్లో అక్కడికి వెళ్లినవాళ్లకు కనిపించినవి పండ్ల తోటలు. స్టాన్‌ఫర్డ్‌లో ఇంజినీరింగ్ పాసైన కుర్రాళ్లు మంచి ఉద్యోగం కావాలంటే రైలెక్కి, దేశానికి అటు చివరనున్న తూర్పు తీరానికి పోవాల్సిందే. చదువు ఒకచోట, కొలువు ఇంకోచోట. మన జిల్లాల్లోని ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలకు ఈ కథ కొత్తేమీ కాదు కదా!

ఆ పరిస్థితి మారడానికి ముఖ్య కారకుల్లో ఒకరు ఫ్రెడరిక్ టెర్మన్. ఆయన ఏ పెద్ద కంపెనీకీ అధిపతి కాదు. ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పిన మాస్టారు.

మంచం మీద ఏడాది

టెర్మన్ 1900 జూన్ 7న ఇండియానా రాష్ట్రంలో పుట్టారు. తండ్రి లూయిస్ టెర్మన్ స్టాన్‌ఫర్డ్‌లో సైకాలజీ ప్రొఫెసర్. ఐక్యూ పరీక్షలతో పేరు తెచ్చుకున్న మనిషి. అలా క్యాంపస్ పక్కనే పెరిగిన ఫ్రెడ్‌కి చిన్నప్పుడే రేడియో పిచ్చి పట్టింది. స్టాన్‌ఫర్డ్‌లో ముందు కెమికల్, తర్వాత ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి, తూర్పు తీరంలోని ఎంఐటీకి వెళ్లారు. అక్కడ వనెవర్ బుష్ దగ్గర పరిశోధన చేసి 1924లో డాక్టరేట్ అందుకున్నారు. ఎంఐటీలోనే పాఠాలు చెప్పే ఉద్యోగం కూడా సిద్ధంగా ఉంది.

సెలవులకు ఇంటికొచ్చిన కుర్రాడికి క్షయ సోకింది. అప్పటికి దానికి మందు లేదు. ఛాతీ మీద ఇసుక సంచులు పెట్టుకుని, కదలకుండా దాదాపు ఏడాది మంచం మీదే గడపాల్సి వచ్చింది. ఆ సమయంలోనూ రేడియో పుస్తకాలు వదల్లేదు. ఎంఐటీ చలిని ఆ ఆరోగ్యం తట్టుకోదు కాబట్టి స్టాన్‌ఫర్డ్‌లోనే సగం పని చాలనుకుని 1925లో చేరారు. పెద్ద అవకాశం చేజారిందనే అనుకోవాలి. కానీ ఆ తర్వాత ఆయన పనంతా తానున్న చోటునే పెద్దది చేయడం మీద సాగింది.

కారే కప్పు కింద ల్యాబ్

స్టాన్‌ఫర్డ్ అప్పటికి డబ్బున్న యూనివర్సిటీ కాదు. టెర్మన్ రేడియో ల్యాబ్ అటక మీద ఉండేది. వానొస్తే కప్పు కారేది. నీళ్లు పట్టడానికి చెక్క ట్రేలు పెట్టుకునేవారు. అక్కడి నుంచే ఆయన 1932లో ‘రేడియో ఇంజినీరింగ్’ అనే పాఠ్యపుస్తకం తెచ్చారు. చాలా ఏళ్లపాటు ఆ రంగంలో విద్యార్థులు ఎక్కువగా వాడింది దాన్నే.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. శిష్యుల్ని వెంటబెట్టుకుని దగ్గర్లోని చిన్న చిన్న రేడియో కంపెనీలకు తీసుకెళ్లేవారు. సొంతంగా కంపెనీ నడుపుతున్నవాళ్లు పెద్ద చదువుల మహామేధావులేం కాదని, మీలాంటివాళ్లేనని కళ్లారా చూపించడం ఆయన ఉద్దేశం.

ఆ శిష్యుల్లో ఇద్దరు విలియం హ్యూలెట్, డేవిడ్ ప్యాకర్డ్. ఇద్దరూ 1934లో డిగ్రీ పూర్తి చేశారు. దేశమంతా మహామాంద్యం. ప్యాకర్డ్‌కి న్యూయార్క్ రాష్ట్రంలోని జనరల్ ఎలక్ట్రిక్‌లో ఉద్యోగం దొరికింది. అలాంటి రోజుల్లో అంతకంటే ఏం కావాలి? ఎవరైనా అయితే అక్కడితో వదిలేసేవారు. టెర్మన్ వదల్లేదు. 1938లో ఒక ఫెలోషిప్ ఏర్పాటు చేసి ప్యాకర్డ్‌ని వెనక్కి రప్పించారు.

బల్బుతో మొదలైన కంపెనీ

ఈలోగా హ్యూలెట్ టెర్మన్ దగ్గర ఆడియో ఆసిలేటర్ మీద పరిశోధన చేస్తున్నాడు. రకరకాల పౌనఃపున్యాల్లో స్థిరమైన సిగ్నల్ ఇచ్చే పరికరం అది. రేడియో, టెలిఫోన్, సౌండ్ పరికరాల్ని పరీక్షించడానికి తప్పనిసరి. చిక్కేంటంటే, లోపలి ఆంప్లిఫికేషన్ కాస్త ఎక్కువైతే సిగ్నల్ వంకర పోతుంది, తక్కువైతే ఆరిపోతుంది. హ్యూలెట్ సర్క్యూట్‌లో ఒక చిన్న బల్బు పెట్టాడు. సిగ్నల్ పెరిగితే ఫిలమెంట్ వేడెక్కి దాని నిరోధం పెరుగుతుంది. దాంతో ఆంప్లిఫికేషన్ దానంతటదే తగ్గుతుంది. తగ్గితే మళ్లీ పెరుగుతుంది. ఖరీదైన సర్క్యూట్ చేసే పనిని చవకైన బల్బు చేసిందన్నమాట.

థీసిస్ సబ్మిట్ చేసి మార్కులు తెచ్చుకుంటే పని అయిపోయినట్టే. కానీ టెర్మన్‌కి అందులో సరుకు కనిపించింది, దాన్ని అమ్మొచ్చని ప్రోత్సహించారు. పాలో ఆల్టోలో ఒక అద్దె ఇంటి గ్యారేజీలో, 538 డాలర్ల పెట్టుబడితో 1939 జనవరిలో హ్యూలెట్-ప్యాకర్డ్ మొదలైంది. కొనే అవకాశమున్న పాతిక మంది జాబితా ఇచ్చింది కూడా మాస్టారే. మొదటి మోడల్ ధర 54 డాలర్ల 40 సెంట్లు. ఆ ధరకి గిట్టుబాటు కాదని తర్వాత అర్థమైంది. అయినా నిలదొక్కుకున్నారు. వాల్ట్ డిస్నీ స్టూడియో ‘ఫాంటాసియా’ సినిమా సౌండ్ పనుల కోసం ఎనిమిది ఆసిలేటర్లు కొన్నది. ఈనాటి హెచ్‌పీ పుట్టింది ఆ గ్యారేజీలోనే.

యుద్ధం నేర్పిన లెక్క

రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు రాడార్లను గందరగోళపరిచే పరికరాల కోసం హార్వర్డ్‌లో పెట్టిన రేడియో రీసెర్చ్ ల్యాబొరేటరీకి టెర్మన్ 1942లో డైరెక్టర్ అయ్యారు. 800 మందికి పైగా పనిచేసిన చోటు. ప్రభుత్వం పరిశోధనకి కుమ్మరిస్తున్న డబ్బు తూర్పు తీరంలోని కొద్ది యూనివర్సిటీలకే పోతోందని ఆయన అక్కడ గమనించారు. యుద్ధం ముగిశాక స్టాన్‌ఫర్డ్ ఇంజినీరింగ్ డీన్‌గా తిరిగొచ్చి, అన్ని విభాగాలకీ కొంచెం కొంచెం పంచకుండా కొన్నింటిని శిఖరాల్లా నిలబెట్టాలనే పద్ధతి పట్టుకున్నారు.

స్టాన్‌ఫర్డ్‌కి వేల ఎకరాల భూమి ఉంది, అమ్మే హక్కు లేదు. అందుకే లీజుకిచ్చారు. 1951లో మొదలైన ఇండస్ట్రియల్ పార్కులో మొదట చేరింది వేరియన్ అసోసియేట్స్. 1954లో ఇంకో పథకం. చుట్టుపక్కల కంపెనీల ఇంజినీర్లు ఉద్యోగం చేస్తూనే మాస్టర్స్ చదవొచ్చు. ఫీజుతో పాటు అంతే మొత్తాన్ని కంపెనీ యూనివర్సిటీకి అదనంగా కట్టాలి. 1955లో టెర్మన్ ప్రోవోస్ట్ అయ్యారు. ట్రాన్సిస్టర్ ఆవిష్కర్తల్లో ఒకరైన విలియం షాక్లీని తన కంపెనీ ఇక్కడే పెట్టమని ప్రోత్సహించారు. షాక్లీతో పొసగక 1957లో బయటికొచ్చిన ఎనిమిది మంది పెట్టిందే ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్. వ్యాలీకి సిలికాన్ పేరు రావడం వెనుక కథ ఇదీ.

అందరూ మెచ్చుకోలేదు

ఈ పద్ధతికి రెండో వైపు కూడా ఉంది. పరిశోధన డబ్బులో పెద్ద భాగం సైన్యానిది. గ్రాంట్లు తెచ్చే విభాగాలకే విలువ పెరిగిందని, మిగతావి వెనకబడ్డాయని క్యాంపస్‌లో విమర్శలు వచ్చాయి. అవి ఈనాటికీ సమాధానం దొరకని ప్రశ్నలే.

పైగా ఈ నమూనా నాటిన ప్రతిచోటా మొలవలేదు. 1960ల్లో న్యూజెర్సీలోని పెద్ద కంపెనీలు ఆయన సలహాతో అలాంటి యూనివర్సిటీ పెట్టాలనుకున్నాయి. తమలో తమకు సహకారం కుదరక ఆగిపోయింది. దక్షిణ కొరియాలో మాత్రం ఫలించింది. 1970లో టెర్మన్ బృందం ఇచ్చిన నివేదికతో మరుసటి ఏడాదే ఏర్పడిన సంస్థే ఈనాటి కైస్ట్. 1982 డిసెంబర్ 19న టెర్మన్ కన్నుమూశారు.

మనకేంటి?

ఫైనలియర్ ప్రాజెక్టు రెడీమేడ్‌గా కొనుక్కొచ్చి, వైవా గట్టెక్కితే చాలనుకునే అలవాటు మన దగ్గర బాగానే ఉంది. టెర్మన్ దాన్నే మొదటి మెట్టు అనుకున్నారు. భూమి, గ్రాంట్లు మన చేతుల్లో ఉండవు. ఒక పని మాత్రం ఉంటుంది. ప్రాజెక్టు రిపోర్టు బైండింగ్‌కి ఇచ్చే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఇది నిజంగా ఎవరికి పనికొస్తుంది? ఏ ఆసుపత్రికి, ఏ రైస్‌మిల్లుకి, ఏ వర్క్‌షాపుకి? పాతిక పేర్లు రాసి మీ గైడ్‌కి చూపించండి. అయిదు పేర్లే వచ్చినా పర్వాలేదు. ఆ అయిదుగురి దగ్గరికీ ఒకసారి వెళ్లి రండి.