ఇసుకపై ఆనకట్ట నిలిపిన కాటన్ దొర

గోదావరి మండల ప్రజలు కాటన్ దొరయని నేటికిని ఆదరముతో స్మరించు సర్ ఆర్థర్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండునందు జన్మించెను. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమున చేరి, 1821లో మన దేశమునకు వచ్చెను.

కావేరీ తీరమున పనిచేయు దినములలో ఆయన చోళరాజుల కల్లణ ఆనకట్టను శ్రద్ధతో పరిశీలించెను. ఎంత త్రవ్వినను గట్టినేల తగులని ఇసుకపై రాతికట్టడము శతాబ్దముల తరబడి ఎట్లు నిలువగలిగెనన్న ప్రశ్నయే ఆయనకు గురువైనది. ఆ పాఠమును ఆధారము చేసికొని 1836లో కొల్లిడముపై ఆనకట్టలు నిర్మించెను.

1832-33 నాటి నందన కరవు తెలుగుదేశమును కృశింపజేసెను. ప్రక్కనే మహానది పారుచుండగా పైరులెండుట, జనులు ఆకలికి బలియగుట గోదావరి సీమ దుర్గతి. నదికి అడ్డుకట్ట వేయుటయే దీనికి మందని కాటన్ 1844లో ప్రభుత్వమునకు నివేదించెను. 1847లో ధవళేశ్వరమున పని ఆరంభమయ్యెను.

కట్టడమునకు భారము పైనుండియే వచ్చునని తలచుట సహజము. నదిలోని ఆనకట్ట సంగతి వేరు. ఎగువ నిలిచిన నీరు దానిని ముందుకు త్రోయును. అడుగున ఇసుకలో ఊరు నీరు పునాదిని తొలుచును. పైనుండి దూకు వరద దిగువ అంచును కోయును. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉపేక్షింపబడినను కట్టడము నిలువదు. అందుచే కాటన్ ఆనకట్టను ఎత్తు తగ్గించి, వెడల్పు పెంచి, దాని బరువును విశాలమైన ఇసుకనేలపై పరచెను. ఇసుకలో బావులు దింపించి వానిపై గోడలు లేపించెను. దిగువను పెద్దరాళ్లను సున్నము లేకుండ వదులుగా పేర్పించెను. ప్రవాహము ఇసుకను కోసినచోట ఆ రాళ్లే క్రుంగి గుంతను పూడ్చును. రాయి దగ్గరి కొండనుండియే లభించెను. వీణెం వీరన్న ఆయనకు కుడిభుజమై నిలిచెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా సుమారు 12,000 అడుగుల కట్టడము 1852లో పూర్తియయ్యెను.

విజ్జేశ్వరమునుండి పడమటి డెల్టాకు నీరు సాగెను. ఏలూరు కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా ఏలూరు చేరి, కృష్ణ కాలువతో కలియగా రెండు నదుల నడుమ పడవదారి యేర్పడెను. ఆ డెల్టాల మధ్య పల్లమున నున్న కొల్లేరు మిగులు నీటిని చేర్చుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపుచున్నది.

1861లో సర్ బిరుదము నందిన కాటన్, రైలుమార్గములకన్న కాలువలే ఈ దేశమునకు మేలని తుదివరకు వాదించి, 1899 జూలైలో స్వదేశమున కన్నుమూసెను. మరమ్మతులతో ఆయన ఆనకట్ట నూటముప్పదియేండ్లు గోదావరి వరదల నోర్చినది. 1982లో పూర్తియైన బ్యారేజికి ఆయన పేరే నిలిచినది.