ఆల్ఫ్రెడ్ విల్మ్

గోదావరి తీరమందలి పల్లెలలో కంచరి రాగిరేకును బిందెగా మలచునపుడు ఎడతెగక సుత్తితో కొట్టడు. కొంతసేపు కొట్టగా రేకు బిరుసెక్కును. అటుపై కొట్టినచో పగులును. కావున దానిని మరల కొలిమిలో కాల్చి, మెత్తబరచి, పని సాగించును. పొలము దున్నువానికి వలెనే లోహమును వంచువానికిని అదను తెలియవలెను. అల్యూమినియమునకు గల అదనును లోకమునకు తెలిపినవాడు ఆల్ఫ్రెడ్ విల్మ్.

విల్మ్ 1869వ సంవత్సరము జూన్ 25వ తేదీన, నాటి ప్రష్యా రాజ్యములోని సైలీషియా ప్రాంతమున జన్మించెను. లోహశాస్త్రమునందు ఆసక్తి గల అతడు 1901లో బెర్లిన్ సమీపమందలి ఒక పరిశోధనాలయమున చేరెను. అల్యూమినియము ఉక్కు బరువులో మూడవవంతే యుండును. కాని మిక్కిలి మెత్తనిది. తూటాల తొడుగులకు ఇత్తడికి బదులు వాడదగినంత గట్టి అల్యూమినియమును కనుగొనుట అతనికి అప్పగింపబడిన పని.

ఉక్కును కాల్చి నీటిలో ముంచినచో గట్టిపడును. విల్మ్ అల్యూమినియమునకు నూటికి నాలుగు పాళ్ల రాగిని, అరపాలు మెగ్నీషియమును చేర్చి, అట్లే కాల్చి నీట ముంచి చూచెను. లోహము గట్టిపడలేదు. 1906లో ఒక శనివారమున ఇట్టి పరీక్ష కొంత జరిగి నిలిచిపోయెను. సోమవారమున మరల కొలువగా, ఊరక పడియున్న ఆ ముక్కయే ఎంతో గట్టిపడియుండెను. విల్మ్ దానిని పొరపాటని త్రోసివేయక, పలుమారులు పరీక్షించి నిజము నిర్ధారించెను.

1909లో అతడు పేటెంటు పొందెను. డ్యూరెన్ పట్టణపు కర్మాగారము ఆ లోహమును డ్యురాల్యూమిన్ అను పేర తయారుచేసెను. జెప్పెలిన్ గగననౌకలకును, 1919లో హ్యూగో యుంకర్స్ నిర్మించిన లోహవిమానమునకును అదియే ఆధారమాయెను.

రేకును వంచునపుడు దాని బయటి ముఖము సాగును. బిరుసెక్కిన రేకు సాగలేక అచ్చట చీలును. నీట ముంచిన వెంటనే, మెత్తదనము పోకముందే వంచినచో చీలదు. పిదప నాలుగు దినములలో తానే బలము పొందును. చలి యీ మార్పును ఆలస్యము చేయును. అందుచే విమాన కర్మాగారములలో ఈ లోహపు రివెట్లను మంచుపెట్టెలలో దాచుట వాడుకయైనది. ఇంటివద్ద చిన్న విమానము నిర్మించుకొనువారు తరచు బిరుసు రేకునే వంచవలసియుండును. వారు మడతను తగినంత గుండ్రముగా నుంచి, అంచులను ఆకురాయితో నునుపుచేసి, మడత గీత రేకు సాగిన దిశకు అడ్డముగా నుండునట్లు చూతురు. రేకుపై గీటు పడనీయరు. నేలపై కానరాని గీటు ఆకాశమున పగులై ప్రాణములు తీయగలదు.

విల్మ్ 1919లో పరిశోధన చాలించి, సైలీషియాలో సేద్యము చేసికొనుచు జీవించెను. 1937 ఆగస్టు 6న మరణించెను. లోహము తనంత తానే ఏల గట్టిపడునో అతనికి తెలియరాలేదు. మరుసటి యేడే ఫ్రాన్సులో గినియే, ఇంగ్లండులో ప్రెస్టన్ ఎక్స్ కిరణముల సాయమున ఆ కారణమును కనుగొనిరి: లోపల రాగి పరమాణువులు మెల్లమెల్లగా గుంపులు కూడుచుండెను. కారణము తెలియకున్నను, కన్నదానిని కన్నట్లు నమ్మి, ఓర్పుతో పరీక్షించుటచేతనే విల్మ్ చిరస్మరణీయుడయ్యెను.