కొలువు కాదు.. కొండే జీవితం

యానాం: గౌతమి గట్టు ఎక్కితే అదే ఎత్తు అనుకునే ఊరు మనది. మంచుకొండలంటే సినిమాల్లో చూడాల్సిందే. మల్లి మస్తాన్‌బాబుది కూడా అలాంటి ఊరే. నెల్లూరు జిల్లా సంగం మండలం గాంధీజనసంఘంలో 1974 సెప్టెంబరు 3న సామాన్య కుటుంబంలో పుట్టారు. అక్కడి నుంచి ఏడు ఖండాల శిఖరాల దాకా వెళ్లారు.

దారి చూపిన సైనికుడు

విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాలలో చదివారు. అక్కడే చదివి సైన్యంలో చేరిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985 అక్టోబరులో ఎవరెస్టుపై ప్రాణాలు కోల్పోయారు. ఆ ఏడాది సైనిక బృందంలో మొత్తం అయిదుగురు బలయ్యారు. ఆ కథ వింటే ఎవరైనా కొండ జోలికి వెళ్లొద్దనుకుంటారు. మస్తాన్‌బాబుకు మాత్రం అదే స్ఫూర్తి అయింది.

సైనిక బడిలో చదివినా సైన్యంలో చేరలేదు. జంషెడ్‌పూర్‌లో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, సత్యం కంప్యూటర్స్‌లో ఉద్యోగం, ఆపై కలకత్తా ఐఐఎం. లక్షల జీతం చేతికందే దశలో అన్నీ పక్కన పెట్టి పర్వతారోహణనే వృత్తిగా ఎంచుకున్నారు.

వారానికో రోజు

2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ ఎక్కారు. తర్వాత అకాంకాగువా, కిలిమంజారో, కోజియస్కో. మే 21న ఎవరెస్టు. ఆపై ఎల్‌బ్రస్. జులై 10న అలాస్కాలోని డెనాలీ. మొత్తం 172 రోజులు. అప్పటికి అంత వేగంగా పూర్తి చేసినవారు లేరు. ఇంకో విశేషం.. గురువారం విన్సన్, ఆదివారం ఎవరెస్టు, సోమవారం డెనాలీ.. ఇలా ఏడు శిఖరాలనూ వారంలోని ఏడు వేర్వేరు రోజుల్లో అందుకున్నారు.

తిరిగిరాని పయనం

తర్వాత ఆయన చూపు దక్షిణ అమెరికాలోని ఆండీస్ మీద పడింది. 2015 మార్చి 24న అర్జెంటీనా-చిలీ సరిహద్దులో 6,748 మీటర్ల ట్రెస్ క్రూసెస్ సుర్ శిఖరానికి ఒంటరిగా బయలుదేరారు. మళ్లీ కబురు లేదు. రెండు దేశాల వైపు నుంచీ గాలించారు. ఏప్రిల్ మొదటివారంలో మృతదేహం దొరికింది. సముద్రాలు దాటించి సొంతూరికి తెచ్చి, అధికార లాంఛనాలతో అంత్యక్రియలు చేశారు. అప్పటికి ఆయన వయసు నలభై ఏళ్లే.

ఉద్యోగంలో ఉండిపోతే బతికేవారు కదా అని బాధపడేవాళ్లున్నారు. నిజమే. కానీ ఒక సీనియర్ మరణం నుంచి భయం కాకుండా ధైర్యం నేర్చుకున్న కుర్రాడాయన. కొండ కనిపించని ఊళ్లో పుట్టినా కొండ మనది కాకుండా పోదని చూపించి వెళ్లారు.