గ్రేస్ హాపర్: పురుగు కథ వెనక అసలు కథ

గ్రేస్ హాపర్ అనగానే మనకి పురుగు కథే గుర్తొస్తుంది. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో రెక్కల పురుగు ఇరుక్కుంటే, దాన్ని తీసి లాగ్‌బుక్‌లో టేపుతో అతికించారు. ఇది నిజమే. కానీ పట్టుకున్నది ఆవిడ కాదు, అక్కడి తోటి ఉద్యోగులు. బగ్ అనే మాట కూడా ఎడిసన్ కాలం నుంచే ఇంజనీర్లు వాడుతున్నారు. ఆవిడ ఆ కథని సరదాగా పదిమందికీ చెప్పారు, అంతే. నా దృష్టిలో ఆవిడ చేసిన అసలు పని వేరే ఉంది.

1906లో న్యూయార్క్‌లో పుట్టారు. ఏడేళ్ల వయసులో ఇంట్లో అలారం గడియారాలన్నీ విప్పేసిన రకం. 1934లో యేల్‌లో గణితంలో పీహెచ్‌డీ చేసి, వాసర్ కాలేజీలో పాఠాలు చెప్పారు. యుద్ధం వచ్చాక నేవీలో చేరబోతే బరువు చాలలేదన్నారు. ప్రత్యేక అనుమతి తెచ్చుకుని మరీ చేరారు. 1944లో హార్వర్డ్ మార్క్ 1 దగ్గర వేశారు. ఆ యంత్రం పొడవు 51 అడుగులు!

అప్పట్లో ఏ యంత్రం కోడ్ దానిదే. యంత్రం మారితే ప్రోగ్రామ్ మొత్తం మళ్లీ రాసుకోవాల్సిందే. 1952లో ఆవిడ ఏ-0 అనే కంపైలర్ తయారుచేశారు. ఆ తర్వాత వచ్చిన ఏ-2ని 1953లో సోర్స్ కోడ్‌తో సహా కస్టమర్లకి ఇచ్చి, మార్పులు చేస్తే తిరిగి పంపమన్నారు. ఓపెన్ సోర్స్ అనే పేరు పుట్టడానికి నలభై ఏళ్లకి పైగా ముందు మాట ఇది.

ఆవిడ ఫ్లో-మ్యాటిక్ భాష పునాదిగా కోబాల్ వచ్చింది. 1960 డిసెంబర్‌లో ఒకే కోబాల్ ప్రోగ్రామ్‌ని స్వల్ప మార్పులతో ఆర్‌సీఏ 501 మీద, యూనివాక్ 2 మీద నడిపి చూపించారు. రెండు కంపెనీలు, రెండు యంత్రాలు, ఒకే ప్రోగ్రామ్.

అక్కడితో కష్టాలు తీరలేదు. ఒక్కో కంపెనీ కంపైలర్ కోబాల్‌ని ఒక్కో రకంగా అర్థం చేసుకునేది. 1966లో రిటైరైన ఆవిడని మరుసటి ఏడాదే ఆరు నెలల పని అంటూ నేవీ వెనక్కి పిలిచింది. ఆ ఆరు నెలలు ఏళ్లకేళ్లు సాగాయి. కంపైలర్ ప్రమాణానికి కట్టుబడి ఉందో లేదో తేల్చే టెస్ట్ ప్రోగ్రామ్‌లు ఆవిడ బృందం తయారుచేసింది.

నేను పోస్ట్‌గ్రెస్ సోర్స్ దించుకుని బిల్డ్ చేసినప్పుడు మేక్ చెక్ కొడితే, వరసగా టెస్టులు నడుస్తాయి. రకరకాల ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ప్రాసెసర్లు ఉన్న మెషిన్ల మీద అదే కోడ్‌ని బిల్డ్ చేసి పరీక్షించడానికి ఆ ప్రాజెక్టుకి ఒక బిల్డ్ ఫార్మ్ కూడా ఉంది. ఒకచోట పాసైన టెస్టు ఇంకోచోట ఫెయిలైతే, బగ్ దొరికినట్టే. ఇదంతా ఆవిడ వేసిన దారే అనిపిస్తుంది నాకు.

1986లో, 79 ఏళ్ల వయసులో, రియర్ అడ్మిరల్‌గా రిటైరయ్యారు. 1992 జనవరి 1న కన్నుమూశారు. మన ల్యాబ్‌లో నా సిస్టమ్‌లో రన్ అవుతోంది కదా అనే మాట రోజూ వినిపిస్తుంది. పక్కవాడి సిస్టమ్‌లో కూడా రన్ అయితేనే పని అయినట్టని ఆవిడ అరవైల్లోనే తేల్చేశారు.