ప్రజాధనానికి కావలి – శ్రీ మాడభూషి అనంతశయనం అయ్యంగారు

ఏ కుటుంబానికైనా సంపాదన ఒక ఎత్తు, ఆ సంపాదనను సద్వినియోగం చేసుకోవడం మరొక ఎత్తు. అంగడికి పంపిన బిడ్డను తిరిగి రాగానే చిల్లర లెక్క అడుగుతాం. అది అపనమ్మకంతో అడిగేది కాదు, పెంపకంలో ఒక భాగం. దేశమనే పెద్ద కుటుంబానికీ ఇదే ధర్మం వర్తిస్తుంది. పన్నుల రూపంలో ప్రజలు చెల్లించిన ధనం ఎక్కడ, ఎందుకు, ఎంత ఖర్చయిందో అడిగే హక్కు వారి ప్రతినిధులకు ఉంది. ఆ హక్కును స్వతంత్ర భారతదేశంలో ఒక క్రమమైన పద్ధతిగా మలచిన తొలితరం పెద్దలలో అగ్రగణ్యులు శ్రీ మాడభూషి అనంతశయనం అయ్యంగారు. మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికలో ఆ మహనీయుని స్మరించుకోవడానికి రెండు కారణాలు ఉన్నాయి. ఒకప్పుడు ఆయన మన బళ్ళారి జిల్లాకు కూడా ప్రతినిధి. పైగా ఆయన జీవితం మొదలైనది ఉపాధ్యాయ వృత్తితోనే.

అయ్యంగారు 1891 ఫిబ్రవరి 4న తిరుపతి సమీపంలోని తిరుచానూరులో జన్మించారు. తిరుపతిలోని దేవస్థానం ఉన్నత పాఠశాలలో చదివి, మదరాసు పచ్చయప్ప కళాశాలలో పట్టభద్రులై, పిదప న్యాయశాస్త్రం అభ్యసించారు. 1912లో గణితశాస్త్ర ఉపాధ్యాయులుగా బోధన ప్రారంభించారు. ఆ వృత్తిలో ఉన్నది కొద్దికాలమే. 1915 నుండి న్యాయవాద వృత్తి చేపట్టారు. మహాత్మాగాంధీ సహాయనిరాకరణకు పిలుపునిచ్చినప్పుడు 1921-22లో ఒక ఏడాదిపాటు న్యాయవాద వృత్తిని విడిచిపెట్టారు. గణితం నేర్పిన క్రమశిక్షణ, న్యాయశాస్త్రం నేర్పిన తర్కం ఈ రెండూ ముందుముందు ఆయన చేపట్టబోయే కార్యానికి పునాదులయ్యాయి.

1934లో ఆయన కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ఆయన నియోజకవర్గం దత్తమండలాలు మరియు చిత్తూరు. దత్తమండలాలంటే బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు జిల్లాలు. ఆనాడు మన సిరుగుప్ప తాలూకా, అందులోని మన దేశనూరు మదరాసు రాజధానిలోనివే. కనుక ఢిల్లీ సభలో మన ప్రాంతం తరఫున కూర్చున్నది అయ్యంగారే. అయితే ఆ ఎన్నికలలో ఓటు అందరికీ లేదు. ఆస్తిని బట్టి, చెల్లించే పన్నును బట్టి ఓటుహక్కు లభించేది. ఉప్పు మీది పన్ను మాత్రం అందరిపై పడేది. గంజిలో చిటికెడు ఉప్పు వేసుకునే కూలివాడు కూడా ఖజానాకు తన వంతు చెల్లించేవాడు. ఆ ఖజానా ఎలా ఖర్చవుతున్నదో అడగడానికి అతనికి ఓటు లేదు. పన్ను కట్టేవానికి, లెక్క అడిగేవానికి మధ్య ఇంత దూరం ఉన్న కాలమది.

సభ్యులకైనా ఆనాడు నిజమైన అధికారం ఎంత? సైనిక వ్యయం వంటి పెద్ద పద్దులపై సభకు ఓటు చేసే అవకాశం లేదు. పన్నుల ప్రతిపాదనలతో కూడిన ఫైనాన్స్ బిల్లును సభ తిరస్కరించినా, గవర్నర్ జనరల్ తన ప్రత్యేకాధికారంతో దానిని ధ్రువీకరించి అమలుపరచేవారు. 1921లోనే ప్రభుత్వ లెక్కల సంఘం ఏర్పడినా దానికి అధ్యక్షులు సాక్షాత్తూ ఆర్థికసభ్యులే. ఖర్చుపెట్టేవారే ఖర్చును విచారించే సంఘానికి పెద్దలు! పరీక్ష వ్రాసిన విద్యార్థే తన జవాబుపత్రాన్ని దిద్దుకున్నట్లుండేది ఆ ఏర్పాటు. ఈ లోపాన్ని అయ్యంగారు ఆ సభలోనే ఉండి దగ్గరగా చూశారు. 1940లో వ్యక్తి సత్యాగ్రహంలోను, ఆపై క్విట్ ఇండియా ఉద్యమంలోను పాల్గొని కారాగారవాసం అనుభవించారు.

స్వాతంత్ర్యానంతరం ఆయన రాజ్యాంగసభ సభ్యులుగా ఉండి, 1948లో శాసన నిర్మాణ సభకు ఉపసభాపతి అయ్యారు. 1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చింది. ప్రభుత్వ లెక్కల సంఘం ఆర్థికశాఖ నీడ నుండి బయటపడి సభాపతి ఆజమాయిషీ క్రిందికి వచ్చింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో మరొక క్రొత్త సంఘం ఆవిర్భవించింది. అదే అంచనాల సంఘం. దాని తొలి అధ్యక్షులు అనంతశయనం అయ్యంగారు. 2025లో ఆ సంఘానికి కూడా డెబ్బై అయిదేళ్ళు నిండాయి.

ఈ రెండు సంఘాలకు భేదమేమిటో విద్యార్థులు తెలిసికొనడం అవసరం. ఖర్చు జరిగిపోయిన తరువాత కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీ చేసి ఇచ్చిన నివేదికను చేతబట్టుకుని, సభ మంజూరు చేసిన పనికే ధనం వినియోగమైనదా అని చూచేది లెక్కల సంఘం. పన్నులు సక్రమంగా వసూలైనవా, రావలసినది రాకుండా పోయినదా అనే విచారణ కూడా దాని పరిధిలోనిదే. అంచనాల సంఘం అడిగే ప్రశ్నలు వేరు. ఈ పనికి ఇంత ధనం అవసరమా? ఇదే పనిని ఇంతకంటె పొదుపుగా, ఇంతకంటె సమర్థంగా చేయలేమా? కార్యాలయాల ఏర్పాటులో ఏ మార్పులు రావాలి? ప్రారంభంలో ఈ సంఘంలో ఇరవై అయిదుగురు సభ్యులుండేవారు, తరువాత ముప్పైమందికి పెంచారు. ఏటేటా ఎన్నిక జరుగుతుంది. మంత్రులు ఇందులో సభ్యులు కారాదు. దిద్దేవారిని, వ్రాసేవారిని వేరుచేసిన నియమమిది.

ఇంతకూ సంఘాలెందుకు? బడ్జెట్ పత్రాలు వేల పుటలుంటాయి. సభకున్న సమయం కొద్దిరోజులే. అనేక శాఖల పద్దులు చర్చకు రాకుండానే చివరిరోజున ఒక్కుమ్మడిగా ఓటుకు పెట్టడం మామూలు. సంఘంలోనైతే కొద్దిమంది సభ్యులు పార్టీ భేదాలు ప్రక్కనబెట్టి, ఒక్కొక్క శాఖను తీసుకుని, కాగితాలు తెప్పించుకుని, ఉన్నతాధికారులను ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నిస్తారు. తొలి సంవత్సరాలలో సంఘం పరిశీలించిన విషయాలలో బహుళార్థసాధక నదీలోయ పథకాలు ఉన్నాయి. ఆనకట్టల ప్రాధాన్యాన్ని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1945లో శంకుస్థాపన జరిగి, 1953లో నీరు వదలిన తుంగభద్ర మన తాలూకా రూపురేఖలనే మార్చింది. అటువంటి నిర్మాణంలో ఏడాది జాప్యం జరిగితే, ఆ ఏడాది పొలం ఎండిన రైతు దాని వెల చెల్లిస్తాడు. అంచనా పెరిగితే, ఆ భారం తిరిగి పన్నుగానే వస్తుంది.

1952లో అయ్యంగారు తిరుపతి నుండి తొలి లోక్‌సభకు ఎన్నికై, ఉపసభాపతిగా కొనసాగారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు మన పాత బళ్ళారి జిల్లా విడిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, సిరుగుప్ప మైసూరు రాష్ట్రంలోనికి వచ్చింది. ఒకనాడు ఒకే ప్రతినిధిని పంపిన ఊళ్ళు రెండు రాష్ట్రాల పాలయ్యాయి. రాష్ట్రాల సరిహద్దులు మారినా, తెలుగు పలికే మన ఇళ్ళు మారలేదు. కేంద్ర ఖజానాకు మనం చెల్లించే పన్ను, దాని లెక్క అడిగే హక్కు కూడా మారలేదు.

1956 ఫిబ్రవరిలో శ్రీ మావలంకర్ పరమపదించగా, మార్చి 8న అయ్యంగారు లోక్‌సభ సభాపతి పీఠాన్ని అధిష్ఠించారు. 1957 ఎన్నికల అనంతరం మళ్ళీ ఎన్నికై 1962 వరకు ఆ పదవిలో ఉన్నారు. ఆయన సభాపతిగా ఉన్నకాలంలోనే ముంద్రా వ్యవహారం సభలో చర్చకు వచ్చింది. అప్పుడే జాతీయమైన జీవిత బీమా సంస్థ, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాలలో సుమారు ఒక కోటి ఇరవై నాలుగు లక్షల రూపాయలు పెట్టింది. ఆ సొమ్ము సామాన్య పాలసీదారులది. 1957 డిసెంబరులో ఈ విషయాన్ని సభ ముందుంచిన ఫిరోజ్ గాంధీ పాలకపక్ష సభ్యుడే కావడం గమనార్హం. జస్టిస్ చాగ్లా విచారణ జరిపారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. స్వపక్షం, పరపక్షం అనే తేడా లేకుండా ప్రశ్నకు చోటిచ్చే సభ ఎంత శక్తిమంతమైనదో దేశం గ్రహించింది.

ఈ సంఘాలు సర్వశక్తిసంపన్నమైనవని చెప్పలేము. అంచనాల సంఘం ప్రభుత్వ విధానాన్ని మార్చజాలదు. దాని నివేదిక వచ్చే లోపుగానే సభ పద్దులను ఆమోదించవచ్చు. దాని సిఫారసులు ఆజ్ఞలు కావు. అయితే ప్రభుత్వం వాటికి సమాధానం ఇచ్చి తీరాలి, ఆ సమాధానాన్ని సంఘం మళ్ళీ పరిశీలిస్తుంది. ఈ బాటలోనే 1964లో ప్రభుత్వరంగ సంస్థల సంఘం, 1993లో శాఖలవారీ స్థాయీసంఘాలు ఏర్పడ్డాయి. 1967 నుండి లెక్కల సంఘానికి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షత వహించే సంప్రదాయం నెలకొన్నది.

1962లో అయ్యంగారు బీహారు గవర్నరుగా నియమితులై 1967 వరకు ఆ పదవిని నిర్వహించారు. సంస్కృత భాషాభిమాని అయిన ఆయన తిరుపతిలోని కేంద్రీయ సంస్కృత విద్యాపీఠం అభివృద్ధికి తోడ్పడ్డారు. 1978 మార్చి 19న ఎనభై ఏడేళ్ళ వయస్సులో కన్నుమూశారు.

ఆ జీవితం మన పాఠశాలకు ఏమి నేర్పుతున్నది? కర్ణాటకలో ప్రభుత్వ పాఠశాలలకు తల్లిదండ్రులతో కూడిన పాఠశాలాభివృద్ధి, పర్యవేక్షణ సమితులు ఉన్నాయి. అవి ఢిల్లీ సంఘాలకు గ్రామరూపాలే. కానీ మన ఊళ్ళలో లెక్క అడిగితే పంతుళ్ళు నొచ్చుకుంటారేమోనని వెనుకాడే పెద్దలు ఎందరో ఉన్నారు. సున్నం వేయించడానికి ఎంతయినది, బెంచీలు ఎన్ని వచ్చినవి, మధ్యాహ్న భోజనపు బియ్యం ఎంత మిగిలినది అని అడిగే తల్లిదండ్రులు బడికి బంధువులే గాని విరోధులు కారు. సరిహద్దున ఉన్న తెలుగు బడికి ఈ జాగ్రత్త మరింత అవసరం. పిల్లల సంఖ్య, ఉపాధ్యాయుల ఖాళీలు, మంజూరైన నిధులు ఎవరూ అడగని చోట, బడి మెల్లమెల్లగా పై అధికారుల దృష్టి నుండి తొలగిపోతుంది. అడిగేవారున్న బడి నిలుస్తుంది.

ఇక్కడ కూడికలు, తీసివేతలు నేర్చిన చిన్నారులలో ఎవరో ఒకరు రేపు పంచాయతీలోనో, శాసనసభలోనో, పార్లమెంటులోనో కూర్చుండవచ్చు. ఆనాడు తమ ఎదుట పెట్టిన పద్దును చదవకుండా చేయి ఎత్తకుండుటే వారు తమ గురువులకు చెల్లించే దక్షిణ. ఆ శుభదినం కొరకు పూర్వవిద్యార్థులు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయ సోదరసోదరీమణులు అందరం కలిసి ఈ బడిని కాపాడుకుందాం.

– ప్రధానోపాధ్యాయిని