డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

ప్రత్తి పండు మన గుంటూరు, ప్రకాశము మండలములలో గింజనుండి దూదిని వేఱుచేయుట యెట్టి శ్రమయో తెలియనివారుండరు. కంటి కగపడని పదార్థములను జీవకణములనుండి అట్లే వేఱుచేయుటకు తన జీవితమునంతయు ధారవోసిన ఆంధ్రుఁడొకఁడు కలఁడు. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి మండలమందలి భీమవరమున జన్మించిరి. కుటుంబము పేదది. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమాఱులు తప్పి, మూడవమాఱు గెలిచిరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున శస్త్రవైద్యాచార్యుని యాగ్రహమునకు గుఱియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగా తక్కువదియగు ఎల్.ఎమ్.ఎస్. పట్టమునే పొందిరి. సోదరులిద్దరు కొలఁది దినముల వ్యవధిలో స్ప్రూ అను జీర్ణవ్యాధివలన మరణించిరి. ఆ వ్యాధికి నాఁడు మందు లేదు. ఈ దుఃఖము వారి హృదయమునఁ జిరకాలము నిలిచినది.

పిదప వారు అమెరికాలోని బోస్టను నగరము చేరి, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ పరిచారకుని పని చేయుచు చదువుకొనిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కుగారితోఁ గలసి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియేటినును 1927లోను, ఏ.టి.పి. యను పదార్థమును 1929లోను వెల్లడించిరి. ఏ.టి.పి.ని జర్మనీలో లోమాన్‌గారును అదేకాలమున వేఱుగాఁ గనుగొనిరి. ఇంత చేసినను హార్వర్డులో వారికి స్థిరమైన యుద్యోగము లభింపలేదు.

1940లో వారు లెడర్లీ పరిశోధనాలయమునకు వెళ్లిరి. అచ్చట వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము 1945లో కృత్రిమముగాఁ దయారైనది. స్ప్రూ రోగులకు అది మేలుచేసెను. కాని సోదరులు గతించి చాలకాలమైనది. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాన్ మందును అచ్చటనే పుట్టినది. ఫోలిక్ ఆమ్లమునకు విరోధియగు మెథోట్రెక్సేటును సైతము వారి సహచరులు సిద్ధపఱచిరి. ఆ జాతిదే యగు అమినోప్టెరిన్‌తో ఫార్బరుగారు రక్తపు క్యాన్సరు సోఁకిన బాలురకు కొంతకాలమైన ఉపశమనము కలిగించిరి. 1948 ఆగస్టు 8వ తేదీన సుబ్బారావుగారు న్యూయార్కులో మరణించిరి. వయస్సు 53. స్వదేశమునకు మరల రాలేదు.

కథ అంతటితో ముగియలేదు. మన దేహమందలి రక్షకకణములు ఒకదాని కొకటి వార్త పంపుకొనుటకు సైటోకైనులను ప్రోటీనులను వెలువరించును. వీనిని పరిశోధనకును వైద్యమునకును చాలినంత దేహమునుండి తీయుట దుస్సాధ్యము. కావున మానవజన్యువును వేఱొక జీవకణములోఁ జొప్పించి వీనిని చేయింతురు. చైనాదేశపు హామ్‌స్టర్ అను చిట్టెలుక కణములు ఇందుకు వాడుకలోనున్నవి. ఫోలిక్ ఆమ్లమును వినియోగించుకొనఁజాలని హామ్‌స్టర్ కణములను 1980లో ఉర్లాబ్, చాసిన్ గార్లు సాధించిరి. అట్టి కణమునకు లోపించిన జన్యువును, మానవజన్యువును జతగా నిచ్చి, పిదప మెథోట్రెక్సేటును పోయుదురు. జన్యువు ప్రతులు పెక్కు గల కణములే ఆ విషమును తట్టుకొని బ్రదుకును. వానితోపాటు మానవజన్యువును హెచ్చి, ప్రోటీను సమృద్ధిగా నూరును. చీడకు నిలిచిన మొక్కనుండియే విత్తనము తీయు రైతునకు ఈ యుపాయము కొత్తది కాదు.

ఇట్టి వినియోగమును సుబ్బారావుగారు ఊహించియుండరు. అయినను వారి పనిలోని శుద్ధతయే దీనికి పునాది. విద్యార్థులారా! పరీక్ష తప్పిన నాఁడు మీరు క్రుంగఁబోకుఁడు. రెండుమాఱులు తప్పిన ఆ భీమవరపు బాలుఁడు చేసిన పని, ఆయన పోయిన పిమ్మటను ఫలించుచునే యున్నది.