ఎలిజబెత్ ఫ్రై గారు: చెరసాలలో సూది, దారము

డిసెంబరు నెల ప్రవేశించగానే మన స్త్రీల సమాజ సభ్యురాండ్ర చేతిలోనుండి సూది దిగదు. వానాకాలములో మొదలుపెట్టి పెట్టె అడుగున దాచిన దిండు గలీబులు, బల్ల గుడ్డలు, చంటి బిడ్డల బొంతలు అన్నీ బయటికి వస్తాయి. క్రిస్మస్ అమ్మకానికో, ఎవరికైనా కానుకగా ఇవ్వడానికో అవి పూర్తి కావాలి. అంచు కుట్టని బొంతను ఎవరికీ ఇవ్వలేము గదా! ఈ పనిని ఆడవారి కాలక్షేపముగా ఎంచి నవ్వుకొనే పురుషులు మన సంఘములలో లేకపోలేదు. అట్టివారు ముఖ్యముగా ఈ దైవజనురాలి జీవితము తెలిసికోవాలని నా మనవి.

ఎలిజబెత్ గర్నీ 1780వ సంవత్సరము మే 21వ తేదీన ఇంగ్లండు దేశములోని నార్విచ్ పట్టణములో జన్మించింది. తండ్రి జాన్ గర్నీ ఉన్ని వర్తకుడు, బ్యాంకు యజమాని. పన్నెండుగురు బిడ్డలలో ఈమె మూడవది. కుటుంబము ‘మిత్రుల సమాజము’నకు, అనగా క్వేకర్లకు చెందినది. పన్నెండేండ్ల వయస్సులో తల్లి చనిపోయింది. ఎలిజబెత్ పిరికి పిల్ల, తరచు జబ్బుపడేది. క్వేకర్లు సాదా దుస్తులకు పేరుపడినవారు. అయితే గర్నీ కుటుంబపు అమ్మాయిలకు రంగులంటే ఇష్టము. 1798లో అమెరికా నుండి వచ్చిన విలియం సేవరీ అనే బోధకుని ప్రసంగము వినడానికి ఆమె ఊదారంగు జోళ్ళకు ఎర్రని లేసులు కట్టుకొని వెళ్ళిందని జీవిత చరిత్రకారులందరూ వ్రాశారు. ఆ ప్రసంగము విని ఇంటికి తిరిగి వెళ్ళేటప్పుడు బండిలో ఏడుస్తూనే ఉన్నదట. నెమ్మదిగా రంగు బట్టలు వదిలింది; ఊరి బీద పిల్లలను పోగుచేసి ఇంటిలోనే చదువు చెప్పనారంభించింది.

1800 ఆగస్టులో జోసెఫ్ ఫ్రై గారితో వివాహమై లండను చేరారు. ఆ దంపతులకు పదకొండుగురు సంతానము. 1811లో ఆమె సమాజము ఆమెను బోధకురాలిగా గుర్తించింది. స్త్రీలు ప్రసంగించడమనేది మన సంఘములలో ఇటీవలి మాట. క్వేకర్లలో అది మొదటి నుండీ ఉన్నది.

1813 శీతాకాలములో స్టీఫెన్ గ్రెల్లెట్ అనే బోధకుడు న్యూగేటు చెరసాలలోని స్త్రీల విభాగము చూచి వచ్చి, అక్కడ చంటి బిడ్డలు ఒంటిమీద గుడ్డలేక చలికి వణకుతున్నారని ఫ్రై గారితో చెప్పాడు. ఆమె ఆలోచిస్తూ కూర్చోలేదు. పరిచయమున్న యువతులను పిలిపించి, ఫ్లానెల్ గుడ్డ తెప్పించి, వెంటనే చిన్న చొక్కాలు కుట్టించారు. వాటిని తీసికొని ఆనా బక్స్టన్ అనే స్నేహితురాలితో కలిసి చెరసాలకు వెళ్ళారు. చెరసాల అధికారులే లోపలికి పోవడానికి జంకే స్థలమది. సుమారు 300 మంది స్త్రీలు, వారి బిడ్డలు కొద్దిపాటి గదులలో క్రిక్కిరిసి ఉన్నారు. వండుకోవడము, ఉతుక్కోవడము, పడుకోవడము అన్నీ ఆ నేలమీదనే. విచారణ కొరకు కనిపెట్టేవారు, ఉరిశిక్ష పడినవారు, పసిబిడ్డలు అందరూ ఒకేచోట. ఆ చిన్న చొక్కాలే న్యూగేటు పరిచర్యకు తలుపు తెరిచాయి.

అయితే ఆ తలుపు దగ్గరే మూడేండ్లు ఆగవలసి వచ్చింది. కాన్పులు, అనారోగ్యము, ఇంటి ఆర్థిక చిక్కులు చుట్టుముట్టాయి. 1815లో తన పేరే పెట్టుకొన్న చిన్న కుమార్తె అయిదేండ్లు నిండకుండానే మరణించింది. ఈ మూడేండ్లను చరిత్రకారులు తొందరగా దాటిపోతారు. నేను అక్కడ కొంచెము నిలుస్తాను. మొదలుపెట్టిన పని ఇంటి బాధ్యతల క్రింద పడిపోవడము, దానిని మరచిపోలేకపోవడము ఎట్టిదో మన తల్లులకు నేను చెప్పనక్కరలేదు.

1816 క్రిస్మస్ ప్రాంతములో ఆమె మరల న్యూగేటు గుమ్మమెక్కారు. ఇక్కడొక విశేషమున్నది. క్వేకర్లు క్రిస్మస్‌ను ప్రత్యేక పండుగగా ఆచరించేవారు కారు. అన్ని దినములూ దేవునివే అని వారి నమ్మిక. నక్షత్రము కట్టని, పాటలు పాడని ఆ సమాజపు స్త్రీ మనము పండుగ చేసికొనే రోజులలోనే చెరసాలలో కూర్చున్నది. ఈ సంగతి తలచుకొన్నప్పుడెల్లా నాకు కొంత సిగ్గు కలుగుతుంది.

ఈసారి ఆమె ఒంటరిగా ఆ స్త్రీల మధ్యకు పోయి, ఒక బిడ్డను ఎత్తుకొని, ఈ పిల్లల కొరకు మనమేమి చేద్దామని తల్లులనే అడిగారు. వారు బడి కావాలన్నారు. గడియారము దొంగిలించిన నేరముపై వచ్చిన మేరీ కానర్ అనే ఖైదీని ఉపాధ్యాయురాలిగా వారే ఎన్నుకొన్నారు. పిల్లల బడి చూచిన పెద్దవారు తమకు కూడ చదువు, పని కావాలని అడుగసాగారు. 1817 ఏప్రిల్‌లో ఒక పాదిరిగారి భార్య, పదకొండుగురు క్వేకరు స్త్రీలు కలిసి ఒక సంఘముగా ఏర్పడ్డారు. జూదము, త్రాగుడు, బూతు మాటలు మానాలని నియమములు చేసి, ఒక్కొక్కటి చదివి ఖైదీల చేతనే చేతులెత్తించి ఆమోదింపజేశారు. నేరస్థుల ఓటు తీసికోవడము ఆ రోజులలో ఎవరూ కనివిని ఎరుగని మాట.

పని ఎక్కడనుండి వస్తుంది? ఆస్ట్రేలియాకు పంపబడే ఖైదీలకు బట్టలు సరఫరా చేసే వర్తకులను ఫ్రై గారి మిత్రులు కలిసి, ఆ కుట్టుపని తమకిమ్మని అడిగారు. వర్తకులు ఒప్పుకొన్నారు. ఏడాది తిరగకముందే న్యూగేటు స్త్రీలు దాదాపు 20,000 బట్టలు కుట్టారు. నెలకు 60 నుండి 100 జతల మేజోళ్ళు అల్లారు. 1818లో పార్లమెంటు కమిటీ ఎదుట ఫ్రై గారు సాక్ష్యమిస్తూ ఈ వివరములు చెప్పారు.

ఇక అతుకుల బొంత సంగతి. ఇందుకు కొత్త గుడ్డ అక్కరలేదు. బట్టల వర్తకుల దగ్గర మిగిలిపోయే పీలికలు చాలు. మాంచెస్టరు వర్తకులు వాటిని ఉచితముగా ఇచ్చారు. మన ఇండ్లలో పాత చీరలు పొరలుగా పేర్చి బొంత కుట్టే అమ్మమ్మలకు ఈ లెక్క బాగా తెలుసు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటున్నది. బొంత ఒక్క రోజులో అయ్యే పని కాదు. రేపు అనే మాట లేనివారికి అది రేపటిని చేతికిచ్చేది.

అయినా సూది చేయలేనిది కూడ ఉన్నదని చెప్పకపోతే ఈ చరిత్ర అసత్యమవుతుంది. ఆ కాలములో దొంగనోటు మార్చినా ఉరిశిక్షే. 1797 తరువాత ఇరవై అయిదేండ్లలోపే ఆ నేరములకు 300 మందికి పైగా ఉరితీయబడ్డారు. అట్టి నేరముపైనే హారియట్ స్కెల్టన్ అనే దాసికి శిక్ష పడింది. ఫ్రై గారు హోమ్ మంత్రి సిడ్‌మౌత్ ప్రభువు వరకు వెళ్ళి బ్రతిమాలారు. ఆయన కోపగించుకొన్నాడు. 1818లో ఆమెను ఉరితీశారు. ఏ బ్యాంకు నోట్లకొరకు ఆ ప్రాణములు పోయినవో, ఆ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు వారే 2002లో అయిదు పౌండ్ల నోటుమీద ఫ్రై గారి బొమ్మ ముద్రించారు! ఆ నోటు 2017 వరకు చలామణిలో ఉన్నది.

దేశాంతర శిక్ష పడిన స్త్రీలను ఓడల రేవుకు సంకెళ్ళతో, పైకప్పులేని బండ్లలో, జనము గేలిచేస్తుండగా తీసికొనిపోయేవారు. ముందు రాత్రి చెరసాలలో వారు అద్దములు పగులగొట్టి అల్లరిచేసేవారు. 1818లో ఫ్రై గారు అధికారిని ఒప్పించి మూసిన బండ్లు ఏర్పాటు చేయించి, తమ బండిలో వెంట వెళ్ళారు. ‘మరియ’ అనే ఓడలో 128 మంది స్త్రీలున్నారు. ప్రయాణమో నెలల తరబడి. చేయడానికి ఏమీ లేదు. అందుచేత ఓడ ఎక్కే స్త్రీలకు సంచులు ఇవ్వసాగారు. తరువాతి కాలములో ఒక్కొక్క సంచిలో ఏమేమి పెట్టేవారో జాబితా మిగిలి ఉన్నది. బైబిలు, ఆప్రాన్లు, దువ్వెనలు, 100 సూదులు, గుండుసూదులు, తెలుపు, నలుపు, నీలము, ఎరుపు దారపు ఉండలు, 24 రంగు దారపు చుట్టలు, వేలి తొడుగు, కత్తెర, చూపు తగ్గినవారికి కళ్ళజోడు, రెండు పౌన్ల గుడ్డ ముక్కలు. కళ్ళజోడు కూడ గుర్తుపెట్టుకొన్న ఆ మనస్సును గమనించండి. దారిలో పూర్తయిన బొంతను రేవులలో అమ్ముకొంటే, దిగిన దేశములో చేతిలో నాలుగు డబ్బులుంటాయి. రియో డి జనీరో రేవులో ఒక్కొక్కటి గినీకి అమ్ముడుపోయిన సందర్భమున్నది. పాతికేండ్లలో ఫ్రై గారు 106 ఓడలను, 12,000 మంది ఖైదీలను దర్శించారని చెబుతారు.

ఆమెపై విమర్శలు రాలేదా? వచ్చాయి. సిడ్నీ స్మిత్ అనే పాదిరిగారు ఆమెను మెచ్చుకొంటూనే, చెరసాల ఇంత సుఖముగా ఉండరాదని పత్రికలో వ్రాశారు. ఇంటిని, బిడ్డలను విడిచి ఊరిమీద తిరుగుతున్నదని సొంత సమాజమువారే సణిగారు. 1828లో భర్త బ్యాంకు దివాలా తీయగా క్వేకర్లు జోసెఫ్ గారిని సభ్యత్వమునుండి తొలగించారు. పెద్ద ఇల్లు వదిలి చిన్న ఇంటికి మారవలసి వచ్చింది. ఆమె బిడ్డలలో అనేకులు పెద్దవారై ఆ సమాజమును విడిచిపోయారు. ఆ దుఃఖములోనూ ఆమె ఓడల దగ్గరకు వెళ్ళడము మానలేదు. చెరసాలలు మారడము కూడ చూశారు: 1823 చట్టము ప్రకారము స్త్రీ ఖైదీలను స్త్రీలే కాపలా కాయాలి.

1841 ఏప్రిల్ 5న ‘రాజా’ అనే ఓడ 180 మంది స్త్రీ ఖైదీలతో ఇంగ్లండు విడిచింది. వారిని కనిపెట్టుకొని ఉండడానికి ఫ్రై గారి కమిటీ తరఫున కెజయా హేటర్ అనే యువతి వెంట వెళ్ళింది. జూలై 19న, అనగా 105 దినములకు, వారు టాస్మానియాలోని హోబార్టు చేరారు. ఆ లోపల ఓడ ఊగుతుండగానే 2,815 ముక్కలతో ఒక పెద్ద అతుకుల దుప్పటి తయారైంది. పొడవు వెడల్పులు మూడేసి మీటర్లకు పైమాటే. నడుమ తెల్ల గుడ్డమీద పక్షులు, పువ్వులు. చుట్టూ అచ్చు గుడ్డల వరుసలు. సంచులు ఇచ్చిన స్త్రీలకు వందనములు చెబుతూ, వారు నేర్పిన పనిని తాము వ్యర్థపరచలేదని తెలిపే మాటలను పట్టుదారముతో కుట్టి, క్రింద 1841 జూన్ అని వేశారు. కుట్టినవారి పేర్లు వేసికోలేదు. హోబార్టులో గవర్నరు భార్య జేన్ ఫ్రాంక్లిన్ గారికి దానిని సమర్పించారు.

ఎలిజబెత్ ఫ్రై గారు 1845 అక్టోబరులో రామ్స్‌గేటు అనే సముద్రతీరపు ఊరిలో ప్రభువునందు నిద్రించారు. బార్కింగులోని క్వేకరు శ్మశానములో ఆమె సమాధి ఉన్నది. ‘రాజా’ దుప్పటి చాల కాలము లోకము కంటబడకుండా ఉండి, 1987లో ఎడిన్‌బరోలోని ఒక ఇంటి అటకమీద దొరికింది. 1989లో ఆస్ట్రేలియాకు చేరి, కాన్‌బెరాలోని జాతీయ కళా ప్రదర్శనశాలలో భద్రపరచబడింది. దానిని పరిశీలించినవారు ఒక సంగతి గుర్తించారు. కొన్ని కుట్లు ఎంతో సన్నగా, సమముగా ఉన్నవి. మరికొన్ని వంకరటింకరగా, అప్పుడే సూది పట్టుకొన్నవారు వేసినట్లున్నవి. సరిగా కుదరలేదని వాటిని ఎవరూ విప్పి మరల కుట్టలేదు.